మా అన్నయ్య కాలి వాచీ

మా అన్నయ్య టైలరు. చుట్టుపక్కల టైలర్లందరూ కరెంటు మిషన్లకు మారిపోయినా ఆయన మాత్రం కాలి మిషను వదల్లేదు. "కరెంటు మిషను లాక్కెళ్ళిన చోటికి మనం వెళ్ళాలి. ఇదైతే నా కాలు చెప్పినట్టు వింటుంది" అంటాడు. వినేవాళ్ళకు అదేదో వేదాంతంలా ఉంటుంది గానీ, అసలు సంగతి నాకు తెలుసు. ఆయన మొండి. కుట్టు మధ్యలో లేవకపోవడం కూడా ఆ మొండితనమే. సూది బట్టలోకి దిగిందంటే ఆ కుట్టు అంచుకు చేరేదాకా కుర్చీ కదలదు. ఒకసారి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలి జనమంతా పరుగులు పెడుతుంటే, ఈ మహానుభావుడు చొక్కా కాలరు పూర్తిచేసి, దారం తెంపి, కళ్ళజోడు తుడుచుకుని, అప్పుడు గుమ్మంలోకొచ్చి "ఏమైంది?" అని అడిగాడు.

ముందు గది దుకాణం. దానికీ ఇంటికీ మధ్య తలుపు లేదు, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన పూల కర్టెనే అడ్డం. కర్టెనుకు ఇవతల అన్నయ్య మిషను, కత్తిరించే బల్ల, నిలువుటద్దం, కిటికీ పక్కన నా స్టూలు. నేను కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, ప్యాంట్ల అంచులు మడుస్తాను. మా ఆయన పోయాక మేడమీద గదిలోకి వచ్చి చేరాను. "నాలుగు రోజులుండి వెళ్ళు" అంది వదిన అప్పట్లో. ఆ నాలుగు రోజులూ ఎప్పటికి అయిపోతాయో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

కర్టెనుకు అవతల వంటగది. అందులో మా వదిన, వదినతో పాటు ఆవిడ గొంతు ఉండేవి. అబ్బో, ఏం గొంతు! పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడితే వీధిలో వెళ్ళేవాళ్ళు తమనేనేమోనని ఆగేవాళ్ళు. రోజంతా ఆ గొంతు మా అన్నయ్యను పిలుస్తూ ఉండేది. మొదటిసారి సాగదీసి "ఏమండీ..." అనేది. ఆయన పలకడు, సూది బట్టలో ఉంది కదా. కొంచెం ఆగి, పొట్టిగా "ఏమండీ" అనేది. అప్పుడూ పలకడు. మూడోసారి వెంటవెంటనే, గిన్నె మీద గరిటె పెట్టి కొట్టినట్టు "ఏమండోయ్!" అనేది.

"ఏంటే?" అని అరిచేవాడు అన్నయ్య.

"ఏం లేదు."

అంతే. నిజంగానే ఏమీ ఉండేది కాదు. ఉప్పు అయిపోయిందని కాదు, గ్యాసు వచ్చిందని కాదు. మనిషి ఉన్నాడో లేడో చూసుకోవడం, అంతే. నాకు ఒళ్ళు మండేది. "ఏం లేనిదానికి అంత కేకెందుకు వదినా?" అనేదాన్ని ఇవతలినుంచి. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అనేది అవతలినుంచి. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన సగం మొగుడిగా నాకు రావాల్సిన సగం తిట్లు రోజూ ముట్టేవి. అలా పోట్లాడుకుంటూ మేమిద్దరం ముసలివాళ్ళమైపోయాం.

తర్వాత వదిన గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు చాలా రోజులు చూసి, ప్రాణం కావాలంటే గొంతు వదులుకోవాలన్నారు. అన్నయ్య సంతకం పెట్టి వరండాలోకొచ్చి, మెడలో వేలాడుతున్న టేపును అటు చుట్టి ఇటు విప్పుతూ కూర్చున్నాడు. ఆసుపత్రికి కూడా టేపు మెడలో వేసుకునే వచ్చాడు పిచ్చి మారాజు.

వదిన ఇంటికొచ్చింది. మనిషి నిక్షేపంలా ఉంది. వంట చేస్తుంది, నడుస్తుంది, మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుంటుంది. ఆ గుడ్డలు అన్నయ్యే కుట్టాడు, అంచులు గీసుకోకుండా రెండు మడతలు వేసి, ప్రతి చీరకూ సరిపోయే రంగుల్లో. కానీ ఇల్లు ఇల్లులా లేదు. మిషను చప్పుడు ఒక్కటే. మధ్యమధ్యలో అన్నయ్య కాలు ఆపి, కర్టెను వైపు చెవి పెట్టేవాడు. అలవాటు మరి.

పలక కొనిచ్చాం. రాసి చూపించేది. కానీ పలక మీద పోట్లాట ఎలా సాగుతుంది చెప్పండి? నేనొక మాటంటాను. ఆవిడ సుద్దముక్క వెతుక్కుని, రాసి, తిప్పి చూపించేసరికి నా కోపం చల్లారిపోయి ఉంటుంది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవని ఊరికే అన్నారా. చివరికి నేను తిట్టడం మానేశాను. ఆవిడ రాయడం మానేసింది.

అన్నయ్య చిన్న గంట తెచ్చి పొయ్యి పక్కన మేకుకు తగిలించాడు. "ఏం కావాలన్నా దీన్ని ఆడించు" అన్నాడు. వదిన దాన్ని తీసి చింకి గుడ్డల సంచిలో పడేసింది. పిలవడం లేదు కదా అని ఈయనే ఊరికూరికే లోపలికి తొంగిచూసి, "ఎలా ఉంది? ఏమైనా కావాలా? పడుకుంటావా?" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు స్టీలు గ్లాసు ఎగిరొచ్చి గుమ్మానికి తగిలింది. ఆ తర్వాత ఆయన పిలవకుండా కర్టెను దాటలేదు.

నేను లోపలికెళ్ళి దులిపేశాను. "పాపం, ఆ మనిషి నీ పిలుపు కోసం కాచుకుని కూర్చుంటున్నాడు, గంట కొడితే నీ సొమ్మేం పోయింది?" అన్నాను. వదిన చాలా రోజుల తర్వాత పలక తీసింది. "గంట ఎవరు కొట్టినా ఒకేలా మోగుతుంది. అది నేను పిలిచినట్టు కాదు" అని రాసింది. రాసి, వెంటనే చేత్తో తుడిచేసింది. నేను ఇవతలికి వచ్చేసి సూది చేతికి తీసుకున్నాను.

అలా ఉండగా ఆ కొత్త వాచీ వచ్చింది. మా వీధిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపేవాణ్ణి అందరూ సిగ్నల్ అంటారు. ఎప్పుడు చూసినా ఫోను పైకెత్తి అటూ ఇటూ తిరుగుతుంటాడు, అందుకని. అతని దుకాణం ముందు మనిషంత ఎత్తు బొమ్మ పెట్టారు, చేతికి వాచీ కట్టుకుని నవ్వుతున్న బొమ్మ. అడుగులు లెక్కపెడుతుందట, గుండె చూస్తుందట, నిద్ర చూస్తుందట. మొదట కొన్నవాళ్ళ అభిప్రాయాలు కంపెనీవాళ్ళకు కావాలట. ఇంకేం, కొత్త ఒక వింత కదా! స్కూల్లో పిల్లల చేత కసరత్తులు చేయించే డ్రిల్లు మాస్టారు కొన్నాడు. బస్సు డ్రైవరు కొన్నాడు. మందుల షాపావిడ కొంది. ఎవరు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చినా మాటల మధ్యలో మణికట్టు పైకెత్తి చూసుకోవడమే.

సిగ్నల్ ఒకరోజు చొక్కా కొలతలిస్తూ అన్నాడు, "మాస్టారూ, ఇందులో ఇంకో విశేషం ఉంది. రెండు వాచీలు జత కలిపామనుకోండి, ఒకళ్ళు అద్దం మీద వేలితో ఇలా తడితే రెండోవాళ్ళ చేతికి వణుకు తెలుస్తుంది. ఎంత దూరంలో ఉన్నా సరే."

కొలత రాసుకుంటున్న అన్నయ్య పెన్సిలు ఆగిపోయింది. "అక్కడ తడితే ఇక్కడ తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"చప్పుడు లేకుండా?"

"చప్పుడు లేకుండా."

మర్నాడు రెండు వాచీలు ఇంటికొచ్చాయి. ఒకటి వదిన చేతికి తనే కట్టాడు. "పిలవాలనిపిస్తే తట్టు. పిలవాలనిపిస్తేనే" అన్నాడు, గ్లాసు సంగతి గుర్తుందేమో ఒక అడుగు వెనక్కి వేసి మరీ. వదిన వాచీ వంక చూసింది, ఆయన వంక చూసింది, పొయ్యి వైపు తిరిగింది.

ఇక ఈయన వాచీ ఎక్కడ కట్టుకోవాలన్నది పెద్ద సమస్య అయింది. ఎడం మణికట్టు మీద గుండుసూదులు గుచ్చుకునే మెత్త ఉంటుంది, దాన్ని తీసే ప్రసక్తే లేదు. కుడిచేతికి కట్టుకుంటే, బకిలు తగిలి ఒక పెద్దావిడ పట్టు గౌను దారం లేచిపోయింది. ఆవిడ పెట్టిన శాపనార్థాలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. పైగా మిషను అదురుకు చేతికి ఏ వణుకూ తెలియడం లేదన్నాడు. చివరికి ఎడం కాలి చీలమండకు కట్టుకున్నాడు. కుడికాలితో తొక్కుతూ, ఎడం కాలు ఊరికే దాని పక్కన ఆనించి ఆడిస్తూ ఉంటాడు.

"ఈ వయసులో గజ్జె కట్టావేంటన్నయ్యా?" అన్నాను.

"నోర్ముయ్యి" అన్నాడు. కానీ నవ్వాడు. అది చూసి చాలా కాలమైంది.

కాలికి వాచీ కట్టుకున్నవాడికి అద్దం మీద ఏం రాసుందో ఎలా కనిపిస్తుంది? టైము కూడా కనిపించదు. వణుకు ఒక్కటే తెలుస్తుంది. అక్కడే వచ్చింది తంటా.

ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఉలిక్కిపడి కాలి వంక చూశాడు. "పిలిచింది!" అన్నాడు గుసగుసగా. కుట్టు అంచుదాకా లాగించి, దారం తెంపి, కర్టెను తొలగించుకుని వెళ్ళాడు. "ఎలా ఉంది, ఏమైనా కావాలా" అనలేదు. పాతకాలంలో లాగా "ఏంటే?" అన్నాడు. కర్టెను సందులోంచి చూశాను. వదిన కాసేపు తెల్లబోయి చూసి, అరచెయ్యి తిప్పింది. ఏం లేదు అని. మనిషి వచ్చాడు కాబట్టి, ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ఈయన గటగటా తాగేసి బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏం కావాలట?" అన్నాను.

"ఏం లేదట" అన్నాడు అన్నయ్య, అదేదో బహుమతి అయినట్టు.

అది మొదలు. రోజంతా మధ్యమధ్యలో ఆ కాలు ఉలిక్కిపడేది. కుట్టు పూర్తిచేసి లోపలికెళ్ళేవాడు. "ఏంటే?" అనేవాడు. చెయ్యి తిరిగేది. నీళ్ళు తాగి వచ్చేవాడు. కొన్నాళ్ళకు వదిన ఆయన వచ్చే సమయానికి గ్లాసు నింపి, మూత పెట్టి, గట్టు చివర ఉంచడం మొదలుపెట్టింది. గిన్నెల చప్పుడు మళ్ళీ పెరిగింది. ఒకరోజు నేను కాజా వంకరగా తీస్తే, కర్టెను సందులోంచి చూసి నెత్తి కొట్టుకుంది. నా ప్రాణం లేచొచ్చింది.

మిగతా వాచీలవాళ్ళ కబుర్లు మా దుకాణంలోనే తేలేవి. మందుల షాపావిడ గోల ఏమిటంటే, "ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయానే అనుకున్నాను. పొద్దున్నే ఇది నువ్వు సరిగా నిద్రపోలేదు అని చెబుతోంది. దాంతో దిగులు పట్టుకుని నిజంగానే నిద్ర రావడం లేదు." డ్రిల్లు మాస్టారి బాధ వేరు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. చెయ్యి ఊగకపోతే దానికి నడకే కాదట. గ్రౌండంతా తిరిగొచ్చినా "ఇవాళ మీరు కదల్లేదు" అంటుందట. పైగా సిగ్నల్ దుకాణంలో తెర మీద కొన్నవాళ్ళందరి అడుగులూ పోటీలా వేసి చూపిస్తాడు. అందులో అందరికంటే పైన ఎవరు? కుర్చీలోంచి లేవని మా అన్నయ్య! మిషను తొక్కుడంతా నడక కింద జమ అయిపోయింది. డ్రిల్లు మాస్టారు వారం రోజులు మా దుకాణం ముందునుంచి మొహం తిప్పుకుని వెళ్ళాడు, చేతులు మాత్రం వెనక్కే కట్టుకుని.

ఇలా నవ్వుకుంటున్న రోజుల్లో, నేను అగ్గిపెట్టె కోసం వంటగది అలమరలో చెయ్యి పెట్టాను. ఉప్పు జాడీ వెనక వదిన వాచీ తగిలింది. పిండి దుమ్ము పట్టి, చచ్చినట్టు నల్లగా ఉంది. నొక్కినా వెలగలేదు. ఛార్జింగు తీగ అట్టపెట్టెలో విప్పకుండా అలాగే ఉంది. అంటే ఆవిడ దాన్ని కట్టుకున్నది మొదటి రోజే. పొయ్యి దగ్గర కొంగు చేతికి చుట్టుకుని ఉంటుంది కాబట్టి మా ఇద్దరికీ తెలియలేదు. వదిన స్నానానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కర్టెను అవతల మిషను ఆగింది, అన్నయ్య లోపలికొచ్చాడు.

"ఏంటే?" అన్నాడు. నన్ను చూసి, "అదేది?" అన్నాడు.

"స్నానానికెళ్ళింది" అన్నాను, వాచీ కొంగులో దాచి.

"ఇప్పుడే పిలిచిందే! స్నానానికెళ్తూ కూడా పిలిచింది చూడు" అని మురిసిపోయి, గట్టు మీది నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

కొంగులోంచి వాచీ తీసి మళ్ళీ నొక్కి చూశాను. ఆ కాలిని పిలుస్తున్నది ఎవరు? సాయంత్రం డ్రైవరు యూనిఫాం గుండీలు కుట్టించుకోవడానికొచ్చి తిట్లు లంకించుకునేసరికి అర్థమైంది. "చెవిలో జోరీగలా, గంట గంటకీ నీళ్ళు తాగు, నీళ్ళు తాగు అని వణికిపోతుందమ్మా! నీళ్ళు తాగితే ఊరుకుంటాయా? నడిదారిలో బస్సు ఎక్కడ ఆపను?"

అన్నయ్య ఆ పూట గుండీలు కొనడానికి వెళ్ళాడు కాబట్టి వినలేదు. నేను మాత్రం సూది గుచ్చుకున్నా తెలియకుండా కూర్చున్నాను. వాచీ నీళ్ళు తాగమంటోంది. పెళ్ళాం పిలిచిందని ఈయన వెళ్తున్నాడు. ఎందుకొచ్చాడో తెలియక ఆవిడ నీళ్ళిస్తోంది. ఈయన తాగుతున్నాడు. ఆ వాచీ కొన్నవాళ్ళందరిలో దాని మాట పొల్లుపోకుండా విన్నది ఈయనొక్కడే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెబితే ఆ మొహంలో వెలుగు ఆరిపోతుంది. నేను నోటి మీద అదుపు లేనిదాన్నని అందరికీ తెలుసు. కానీ ఆ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకున్నాను. వదిన వాచీ ఉప్పు జాడీ వెనకే పెట్టేశాను.

నేను ఊరుకుంటే ఏం లాభం, మిగతావాళ్ళు ఊరుకోవాలిగా! డ్రైవరు, డ్రిల్లు మాస్టారు, మందుల షాపావిడ అందరూ కలిసి సిగ్నల్ మీద పడ్డారు. అతను కంపెనీకి చెప్పాడు. ఎక్కడెక్కడి మొదటి కొనుగోలుదార్లూ అదే పోరు పెట్టారట. కంపెనీవాళ్ళు దిగొచ్చారు. సిగ్నల్ ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అందరి వాచీలూ బాగుచేశాడు. మా దుకాణానికీ వచ్చాడు.

"కాలు ఇలా పెట్టండి మాస్టారూ, కొత్త సాఫ్ట్‌వేరు వేస్తాను."

"బాగానే ఉంది కదయ్యా, దాన్ని కెలక్కు" అన్నాను నేను కంగారుగా.

"బాగుచేయడానికేగా అక్కా" అన్నాడతను. వేసేశాడు.

ఆ మర్నాటినుంచి కాలు ఉలిక్కిపడలేదు. అన్నయ్య పొద్దంతా తొక్కాడు. మధ్యలో కాలు ఆపి కిందికి చూసేవాడు, మళ్ళీ తొక్కేవాడు. రెండో రోజు వాచీ వదులైందేమోనని ఒక చిల్లు బిగించాడు. చర్మం మీద అచ్చు పడింది. "ఏమైనా అన్నానా దాన్ని?" అని నన్నడిగాడు. "నిన్న కూర బాగాలేదన్నావా?" అని నేను నవ్వులాటకన్నాను. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

కర్టెను అవతల ఇంకో కథ. మూత పెట్టిన గ్లాసు గట్టు చివర ఉన్నదున్నట్టే ఉండిపోయేది. వదిన పొయ్యి దగ్గర నిలబడి కర్టెను వంక చూసేది. సాయంత్రం ఆ నీళ్ళు మొక్క కుండీలో పోసేది. మర్నాడు మళ్ళీ నింపేది. ఈయన పిలిస్తే గాని వెళ్ళడు. ఆవిడ పిలవదు. ఇద్దరిదీ ఒకటే బాధ, మధ్యలో ఒక పూల కర్టెను. ఇద్దరి నెత్తులూ పట్టుకుని ఢీ కొట్టించాలనిపించింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం సిగ్నల్ వాచీ కొన్నవాళ్ళందర్నీ దుకాణానికి పిలిచాడు. కుర్చీలు వేసి, టీలు తెప్పించి, ఫోను ఒక కర్రకు బిగించి, ఒక్కొక్కళ్ళ అభిప్రాయం వీడియో తీశాడు. వదిన రానని చెయ్యి ఊపింది. నేను అన్నయ్య వెనకే కూర్చున్నాను. మందుల షాపావిడ, రాత్రిళ్ళు వాచీ తీసి పక్కన పెట్టాక నిద్ర బాగుందని చెప్పింది. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, కుర్చీలో కూర్చున్నవాణ్ణి నడకలో మొదటివాణ్ణి చేసే యంత్రం మీద తన అభిప్రాయమేమిటో సభాముఖంగా వివరించాడు. డ్రైవరు మాత్రం సంతోషంగా ఉన్నాడు.

"ఆ నీళ్ళ గోల పోయింది, అదే పదివేలు. ఎవరూ పిలవకుండానే వణికిపోయేది దిక్కుమాలింది!"

అన్నయ్య తల ఎత్తాడు. "ఏది వణికేది?"

"అదే మాస్టారూ, నీళ్ళు తాగమని. మీకు రాలేదా? అందరి వాచీల్లోనూ ఉండేదిగా" అన్నాడు సిగ్నల్. "మొన్న నేనొచ్చి తీసేసింది దాన్నే."

అన్నయ్య ఒంగి కాలి వంక చూసుకున్నాడు. చాలాసేపు అలాగే చూశాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. 

"మీ అభిప్రాయం చెప్పండి మాస్టారూ" అన్నాడు సిగ్నల్, ఫోను ఇటు తిప్పి. పాపం, అతనికేం తెలుసు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "వాచీ మంచిదేనయ్యా. దాని తప్పేం లేదు" అన్నాడు. కాలి వాచీని వేలితో చూపించి, "నన్ను నీళ్ళు తాగమంటోందని నాకు తెలీదు. నన్నెవరో పిలుస్తున్నారనుకున్నాను" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. డ్రిల్లు మాస్టారు కూడా పాత కోపం మరిచి నవ్వాడు. అన్నయ్య కూడా వాళ్ళతో పాటు నవ్వి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఇంటికొచ్చి, ఆదివారమని కూడా చూడకుండా మిషను ముందు కూర్చుని ఏదో పాత దుప్పటి అంచు కుట్టడం మొదలుపెట్టాడు. వాచీ విప్పలేదు. ఎందుకు విప్పలేదో నేనడగలేదు.

నేనిక ఆగలేకపోయాను. లోపలికెళ్ళి, ఉప్పు జాడీ వెనకనుంచి ఆ నల్ల వాచీ తీసి గట్టు మీద పెట్టాను. వదిన గ్లాసు మీది మూత సర్దుతోంది.

"ఆయన ఇన్నాళ్ళూ వచ్చింది నీళ్ళ కోసం కాదు" అన్నాను. గొంతు తగ్గించే మాట్లాడాను, నాకది ఎంత కష్టమో నాకే తెలుసు. "నువ్వు పిలిచావనుకుని వచ్చాడు. ప్రతిసారీ. ఆ కాలికున్నది వణికితే నువ్వే అనుకున్నాడు. ఇవాళ అందరి ముందూ తెలిసింది, నువ్వు ఒక్కసారి కూడా పిలవలేదని. అక్కడ కూర్చుని చింకి దుప్పటి కుడుతున్నాడు, వెళ్ళి చూసుకో."

వదిన గట్టు పట్టుకుని నిలబడిపోయింది. పలక అందుకుంది.  "పిలవకుండానే వస్తున్నాడనుకున్నా" అని రాసింది.

ఆవిడ ఏడవడం నేను చాలాసార్లు చూశాను. చప్పుడు లేకుండా ఏడవడం అదే మొదలు. నాకూ ఆగలేదు. కాసేపటికి నా భుజం పట్టుకుని కర్టెను బయటికి తోసేసింది. తోసిందంటే తోసింది, స్టూలు మీద పడబోయాను.

మర్నాడు పొద్దున్న అన్నయ్య స్కూలు పిల్లల నిక్కర్లు కుడుతున్నాడు. పొడుగు కుట్టు, పక్క జాయింటు. నేను కాజా తీస్తున్నాను. మిషను టకటకమంటూ సగం దాకా వెళ్ళి ఆగింది.

అన్నయ్య కాలి వంక చూశాడు. "మళ్ళీ మొదలైంది నీళ్ళ గోల. తీసేశానన్నాడుగా వాడు" అని గొణిగి, తొక్కడానికి కాలు సవరించుకున్నాడు. నేను కాజా మధ్యలో సూది ఆపేశాను.

కొంచెం ఆగి కాలు మళ్ళీ ఉలిక్కిపడింది. ఈసారి ఆయన గొణగలేదు. రెండు చేతులూ బట్ట మీద పెట్టి అలాగే కూర్చున్నాడు. వెంటనే, ఒకదాని మీద ఒకటి, టపటపా ఆ కాలు అదరడం స్టూలు మీదనుంచి నాకే కనిపించింది. నీళ్ళు తాగమనే వాచీకి అంత విసుగెక్కడిది? అంత కోపం, అంత అధికారం ఎక్కడివి? ఈ లోకంలో అలా పిలిచే మనిషి ఒక్కతే ఉంది.

అన్నయ్య లేచాడు. సూది బట్టలో దిగే ఉంది, కుట్టు సగంలోనే ఉంది. కుర్చీ వెనక్కి పడిపోయింది. కర్టెను పక్కకి లాగి నిలబడ్డాడు.

"ఏంటే?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

వదిన పొయ్యి దగ్గరుంది. రాత్రే దుమ్ము తుడిచి ఛార్జింగు పెట్టినట్టుంది, చేతికున్న వాచీ మెడ గుడ్డ రంగుకు జత కుదిరినట్టు మెరుస్తోంది. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అరచెయ్యి తిప్పింది.

ఏం లేదు.

ఆయన అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ గ్లాసు మీద మూత తీసి చేతికిచ్చింది. తాగుతుంటే సగం నీళ్ళు గడ్డం మీదినుంచి కారి చొక్కా తడిసింది. ఆవిడ కొంగుతో తుడిచింది. నేను కళ్ళు తిప్పుకున్నాను, తిప్పుకుంటూనే ఉండబట్టలేక, ముక్కు ఎగబీలుస్తూ అరిచాను.

"ఏం లేనిదానికి అంత కేకెందుకు వదినా?"

లోపల కాసేపు ఏదో వెతుకులాట వినిపించింది. తర్వాత కర్టెను కదిలింది. వదిన గుమ్మంలోకొచ్చి, రెండు చేతులతో కత్తిపీట ఎత్తి నాకు చూపించింది.

"మొదలయ్యారా ఇద్దరూ" అంటూ అన్నయ్య కుర్చీ లేపి నిలబెట్టుకుని, మిగిలిన సగం కుట్టు తొక్కడానికి కూర్చున్నాడు.